సజ్జ మీద దొరికిన పాత రాకెట్ కిట్టు: కట్టాలా, దాచాలా?

బత్తాయితోట (నల్గొండ) · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. నేను ఇక్కడ చదివి వెళ్లిపోయే రకాన్ని, రాయడం తక్కువ. ఇల్లు రిపేరు పెట్టుకున్నాం. వంటింటి సజ్జ ఖాళీ చేస్తుంటే ఇత్తడి బిందెల వెనకాల ఒక అట్టపెట్టె దొరికింది. పైన మా అమ్మ చేతిరాత: "పరీక్షలయ్యాక ఇయ్యాలె". ఏ పరీక్షలో రాయలేదు. 1986లో మా మేనమామ అమెరికా నుంచి తెచ్చిన రాకెట్ కిట్టు అది. అప్పుడు నేను ఆరో తరగతి. ఇప్పుడు నా కొడుకు డిగ్రీ చదువుతున్నాడు.

మోడల్ రాకెట్ కిట్లు చేసే ఎస్టెస్ కంపెనీది, అమెరికా తన మొదటి వ్యోమగామిని పైకి పంపిన రాకెట్ నమూనా, మెర్క్యురీ రెడ్‌స్టోన్. అట్ట గొట్టం బాగుంది, ఒక చివర మాత్రం కొంచెం నలిగింది. రెక్కలు కోసుకోవాల్సిన బాల్సా (బాగా తేలికైన చెక్క) పలక విల్లులా వంగింది. పారాచూట్ ప్లాస్టిక్ మడతల్లో అతుక్కుపోయింది. లోపలి రబ్బరు తాడు పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. క్యాప్సూల్ (వ్యోమగామి కూర్చునే గది) మీద నిలబడే, ప్రమాదమొస్తే దాన్ని లాక్కెళ్లే టవర్ పుల్లల్లో రెండు విరిగాయి. నీళ్లలో ముంచి అంటించే స్టిక్కర్లు పసుపుపచ్చగా మారి పగుళ్లిచ్చాయి.

అడగాల్సినవి రెండు. ఇన్నేళ్ల తర్వాత దీన్ని కట్టొచ్చా, లేక అలాగే ఉంచాలా? రెండోది, పెట్టెలో మూడు మోటార్లు ఉన్నాయి, బొటనవేలంత లావు, మీద సి6-5 అని ఉంది. మా వాడు దీపావళికి ముట్టిద్దాం అంటున్నాడు.

చిచ్చుబుడ్డి (మిర్యాలగూడ) · రాత్రి 9:52

అంటే అన్నా, మీ అమ్మ లెక్కలో నీ పరీక్షలు ఇంకా అయిపోలేదన్నమాట 😀 ముట్టించెయ్. తారాజువ్వ వదలమా, ఇదీ గంతే.

పాలమూరు_పరదేశి (సొంతూరు జడ్చర్ల, ఉండేది టెక్సాస్) · రాత్రి 11:15

చిచ్చుబుడ్డి తమ్మీ, నీ పేరు చూస్తేనే నీ సలహా ఏంటో తెలిసిపోతోంది. బత్తాయితోట అన్నా, దయచేసి ఆ మోటార్ల జోలికి పోకండి. మీ అబ్బాయి చేతికి అందకుండా పెట్టి, తర్వాత ఇది చదవండి.

నేను ఇక్కడ 12 ఏళ్లుగా ఈ రాకెట్లు ఎగరేస్తున్నా. సి6-5 అంటే ఏంటంటే, మొదటి అక్షరం మోటార్ మొత్తం బలం. ఎ కంటే బి రెట్టింపు, బి కంటే సి రెట్టింపు, అలా పోతుంది. సి అంటే 5 నుంచి 10 న్యూటన్ సెకన్లు. తర్వాతి 6 సగటు తోపు, న్యూటన్లలో. చివరి 5 ఏమో, మంట ఆగాక 5 సెకన్లు రాకెట్ ఊపు మీద పైకి పోయి, అప్పుడు లోపల చిన్న మందు పేలి పారాచూట్‌ను బయటికి తోస్తుందని. తారాజువ్వ పైకి పోయి పేలిపోతే దాని పని అయిపోయినట్టే. ఇది కిందికి దిగి రావాలి, మళ్లీ ఎగరాలి.

సమస్య ఎక్కడంటే, లోపలున్నది గట్టిగా అదిమిన నల్లమందు. చుట్టూ కాగితం గొట్టం. ఎండాకాలం వేడికి, చలికాలం చలికి మందు ఒకలా, గొట్టం ఒకలా వ్యాకోచించి ముడుచుకుంటాయి. కొన్నేళ్లకు రెండింటి మధ్యా సన్నటి సందు పడుతుంది, లేదా మందులోనే పగులొస్తుంది. అప్పుడు ముట్టిస్తే మంట కింది నుంచి వరసగా కాలుతూ పోకుండా ఆ సందులోంచి ఒక్కసారే పైకి పాకుతుంది, మోటార్ పేలుతుంది. ఇక్కడ మేము దాన్ని కాటో అంటాం. నా కళ్ల ముందే ఒకాయన గ్యారేజీలో చాలా ఏళ్లు పెట్టిన మోటార్ వాడి, మూడు నెలలు కష్టపడి కట్టిన రాకెట్‌ను పేలాలు చేసుకున్నాడు. మీవి నల్గొండలో, అదీ పొయ్యి పైన సజ్జ మీద, దాదాపు నలభై ఎండాకాలాలు చూశాయి.

బకెట్లో నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టండి. అంతే. ఎండబెట్టొద్దు, కోసి చూడొద్దు, గీకొద్దు.

పానగల్లు_పెద్దాయన (నల్గొండ) · ఆదివారం ఉదయం 6:05

పరదేశి బాబు చెప్పింది అక్షరాలా నిజం. 31 ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ని. ఇంకొక మాట. మన దగ్గర ఇలాంటివి 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కిందికి వస్తాయి. విమానంలో తెచ్చుకుంటాం, పార్శిల్లో తెప్పించుకుంటాం అని ఇక్కడ అప్పుడప్పుడు పిల్లలు రాస్తుంటారు. ప్రయాణికుల సామానులో వాటిని అసలు ఒప్పుకోరు. అప్పట్లో మీ మామ ఎట్లా తెచ్చాడో ఆయన్నే అడగాలి.

ఇంకో సంగతి, యూట్యూబ్‌లో చూసి చక్కెరతో ఏదో ఉడకబెట్టి మోటార్ చేస్తామనేవాళ్లు ఈ థ్రెడ్‌లోకి రావద్దు. వేళ్లు పోగొట్టుకున్న స్టూడెంటును నేను చూశాను.

బత్తాయితోట · ఆదివారం రాత్రి 8:20

నానబెట్టాను. మా వాడు ముఖం మాడ్చుకున్నాడు గానీ పొద్దున తనే వచ్చి బకెట్లో చూశాడు. కాగితం గొట్టం చుట్టలు చుట్టలుగా విడిపోయి తేలుతోంది, నీళ్లు కాటుక కలిపినట్టున్నాయి, అడుగున మూడు మట్టి బిళ్లలు మిగిలాయి, ఒక్కోదానికి మధ్యలో పెన్సిల్ ముల్లు పట్టేంత రంధ్రం. నాజిల్ (మంట బయటికొచ్చే మూతి) అంటే నేను ఇనుమో ఇత్తడో అనుకున్నా, వట్టి బంకమట్టి! ఆ నీళ్లు బత్తాయి చెట్టు మొదట్లో పోశాను. అందులో పొటాషియం నైట్రేట్ ఉంటుంది కదా, ఎరువే.

ఇప్పుడు మొదటి ప్రశ్న మిగిలింది.

పాతసామాను (హైదరాబాద్, సొంతూరు హాలియా) · రాత్రి 9:01

కట్టొద్దు. ఒక్క మాటలో చెప్తున్నా, కట్టొద్దు. నేను పాత రేడియోలు, అగ్గిపెట్టెలు, కెమెరాలు సేకరిస్తా. ఏ వస్తువైనా విప్పని స్థితిలో ఉన్నదే అరుదు. ఒకసారి జిగురు రాస్తే అది రాకెట్ అవుతుంది గానీ కిట్టు అనేది పోతుంది. అచ్చు కాగితాలు, రెక్కల నమూనా, స్టిక్కర్లు అన్నీ స్కానర్ మీద పెట్టి తీసుకోండి. పక్కన స్కేలు పెట్టి మరీ తీయండి, ప్రింటు తీసినప్పుడు సైజు మారిందా లేదా తెలుస్తుంది. తర్వాత ఆ కొలతలతో నకలు చేసుకోండి. అసలుది మళ్లీ పెట్టెలోకి.

పాలమూరు_పరదేశి · సోమవారం ఉదయం 7:30

పాతసామాను అన్నా, నకలు చెయ్యమన్నది మంచి మాట, ఇక్కడ కూడా అందరం అదే చేస్తాం. కానీ కిట్టు ఉన్నది కట్టడానికే. అరవైలలో ఈ కంపెనీ పెట్టిన వెర్న్ ఎస్టెస్ కొలరాడోలోని పెన్‌రోజ్‌లో ఫ్యాక్టరీ నడిపింది పెట్టెలు దాచుకోవడానికి కాదు, పిల్లలు మందు కూరుకుని చేతులు కాల్చుకోకుండా ఉండటానికి. అప్పట్లో అమెరికాలోనూ పిల్లలు సొంతంగా మందు కూరేవాళ్లు. తయారుగా ఉన్న మోటార్‌తో ఎగిరే ఈ రకం రాకెట్లను నెబ్రాస్కాలో ఓర్విల్ కార్లైల్ అనే చెప్పుల షాపాయన 1954లో మొదలెట్టాడు. ఇవి ఇస్తే పిల్లలు మందు కూరడం మానేస్తారని, కార్లైల్ రాకెట్లను చూసి హ్యారీ స్టైన్ అనే ఆయన కంపెనీ పెట్టాడు, మోటార్లు చాలక ఎస్టెస్‌ను అడిగాడు, ఎస్టెస్ వాటిని చేసే మెషీనే కట్టేశాడు. ఆ మెషీన్ పేరు మేబెల్.

ఇంకోటి, కిట్టు అంటే శిలాశాసనం కాదు. నా దగ్గర మనుషుల్ని చంద్రుడి దాకా పంపిన సాటర్న్ 5 రాకెట్‌కు నూరో వంతు మోడల్ ఉంది, 110 సెంటీమీటర్లు. పాత సాటర్న్ కిట్లు చాలావాటిలో మొదటి దశ మధ్యన ఒక నల్ల పట్టీ ఉంటుంది. అది ఎగరని పరీక్ష వాహనానికి మాత్రమే వేసిన రంగు. ఎండకు లోపల వేడెక్కుతోందని ఎగిరినవాటికి ఆ చోట తెలుపు వేశారు. కిట్టులో ఉన్నట్టే పెయింట్ చేస్తే అది చంద్రుడి దాకా పోని రాకెట్ అవుతుంది. ఫోటోలు చూసి కట్టేవాడే స్కేల్ మోడల్ కట్టేవాడు.

పాతసామాను · ఉదయం 7:44

మీ దగ్గర దుకాణానికి పోతే ఇంకోటి దొరుకుతుంది అన్నా. నల్గొండలో అది ఒక్కటే ఉంది.

పాలమూరు_పరదేశి · ఉదయం 7:50

అదీ నిజమే.

ఉలి_సుత్తి (దేవరకొండ) · సోమవారం మధ్యాహ్నం 2:10

కట్టినా కట్టకపోయినా కొన్ని పనులు ఇప్పుడే చేయండి సార్. వడ్రంగి పని మాది, తాతల నుంచీ.

వంగిన బాల్సా పలకను రెండు పక్కలా ఆవిరి పట్టించి, నున్నటి రెండు గాజు పలకల మధ్య పెట్టి పైన బరువు పెట్టండి, రెండు రోజులు. ఎండలో పెట్టొద్దు, ఇంకో వైపు వంగుతుంది. రెక్కలు కోసేటప్పుడు చెక్క పోగు రెక్క ముందంచు వెంబడే పోవాలి. పోగు గొట్టం వెంబడి పోయిందనుకోండి, నేలకు తగలగానే రెక్క మొదలంటా బిస్కెట్‌లా విరుగుతుంది. ఇది బాల్సాకే కాదు, ఏ పలకకైనా అంతే, కుర్చీ కాలికైనా అంతే.

రంగు వేసే ముందు ఆ పోగు గీతలు మూసుకుపోవాలి. ఫెవికాల్ పలచగా కలిపి అందులో ముఖానికి రాసే టాల్కం పౌడర్ వేసి పూయండి. ఆరాక సన్న ఉప్పు కాగితంతో రుద్దండి, మళ్లీ పూయండి. మూడు పూతలకు గాజులా వస్తుంది. మా నాన్న బొమ్మ గుర్రాలకు ఇట్లనే చేసేవాడు.

నకలుకు బాల్సా కోసం హైదరాబాద్ దాకా పోనవసరం లేదు. జీలుగు బెండు తెలుసు కదా, పెళ్లి బాసికాలు చేసేది. దాని కంటే తేలికది మన దిక్కు దొరకదు. ముక్కు, క్యాప్సూల్ దాంట్లోంచి తీయొచ్చు. కత్తి మాత్రం బ్లేడులా ఉండాలి, మొద్దు కత్తయితే నలిగిపోతుంది.

పానగల్లు_పెద్దాయన · మధ్యాహ్నం 3:00

స్టిక్కర్ల సంగతి నాకు తెలుసు, మా అబ్బాయి విమానం కిట్లు కట్టేవాడు. పసుపుదనం పోవాలంటే పాలిథిన్ కవర్లో పెట్టి కిటికీ అద్దానికి అంటించండి, ఎండకు తెల్లబడుతుంది. పుస్తకాల్లో వారం అంటారు. నల్గొండ ఎండకు రెండు రోజులకోసారి చూస్తుండండి, లేకపోతే బొమ్మ కూడా పోతుంది. పగుళ్లు ఉన్నాయన్నారు కాబట్టి నీళ్లలో ముంచే ముందు పారదర్శక లక్కర్ స్ప్రే ఒక పూత కొట్టాలి. లేకుంటే నీళ్లలో వెయ్యగానే యాభై ముక్కలు.

వనపర్తి_టీచరమ్మ (వనపర్తి) · సోమవారం రాత్రి 9:30

సార్లూ అన్నలూ, అందరూ కట్టాలా దాచాలా అని కొట్టుకుంటున్నారు గానీ ఎగరెయ్యడం గురించి ఎవ్వరూ మాట్లాడటం లేదు. మోటార్లు దొరకవు, చేయకూడదు. సరే. మా బడిలో నేను ఏటా నీళ్ల రాకెట్లు చేయిస్తా. కూల్‌డ్రింక్ బాటిల్లో మూడో వంతు నీళ్లు, సైకిల్ పంపుతో గాలి. నాకొక ఆలోచన వచ్చింది. కిట్టు కొలతల్లో కాకుండా బాటిల్ కొలతల్లో రెడ్‌స్టోన్ చేయండి. బాటిల్ లోపల ఉంటుంది, చుట్టూ చార్టు కాగితం తొడుగు. స్కేల్ అంటే ఫలానా నంబరే ఉండాలని లేదు కదా, అన్నీ ఒకే నిష్పత్తిలో ఉంటే చాలు.

లెక్క చెప్తా. అసలు రెడ్‌స్టోన్ వ్యాసం 1.78 మీటర్లు, క్యాప్సూల్, టవర్ కలిపి ఎత్తు 25.4 మీటర్లు. మీ బాటిల్ చుట్టుకొలత దారంతో కొలిచి 3.14తో భాగించండి.

బత్తాయితోట · రాత్రి 10:05

టీచరమ్మా, నమస్కారం పెట్టాలి మీకు. అరలీటరు సోడా బాటిల్, నిటారుగా ఉన్నది తీసుకున్నాం, చుట్టుకొలత 20.4 సెంటీమీటర్లు. అంటే వ్యాసం 65 మిల్లీమీటర్లు. 1780ని 65తో భాగిస్తే 27.4. ఎత్తు 25,400ని 27.4తో భాగిస్తే 927 మిల్లీమీటర్లు. మా వాడు అప్పుడే గోడకు పెన్సిల్ గీత పెట్టాడు, మా ఆవిడ కొత్తగా వేయించిన సున్నం మీద.

చిచ్చుబుడ్డి · రాత్రి 10:11

రాకెట్ సంగతి తర్వాత, ముందు ఆ గోడ ఫోటో పెట్టన్నా, వదిన రియాక్షన్‌తో సహా.

పాలమూరు_పరదేశి · మంగళవారం ఉదయం 6:40

టీచరమ్మ గారి ఐడియా నాకు మస్తు నచ్చింది. కానీ ఒక్కచోట జాగ్రత్త. అసలు రెడ్‌స్టోన్ నిటారుగా పోయింది రెక్కల వల్ల మాత్రమే కాదు. కింద మంటలోకి చొచ్చుకొచ్చే కార్బన్ పలకలు తిరుగుతూ దాన్ని దారిలో పెట్టేవి. మన మోడల్‌కు ఆ తెలివి లేదు, బాణంలా దానంతట అదే సరిగా పోవాలి. అందుకే బరువు కేంద్రం ముందుండాలి, గాలి ఒత్తిడి కేంద్రం (గాలి తోపంతా ఒక్కచోటే పడినట్టు లెక్కేసే బిందువు) వెనకుండాలి, రెండింటి మధ్య కనీసం ఒక గొట్టం వ్యాసమంత దూరం. మీ విషయంలో 65 మిల్లీమీటర్లు.

తారాజువ్వకు పుల్ల ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? అదీ ఇదే పని చేస్తుంది. పుల్ల విరిగిన జువ్వ ఎవరి పంచెలోకి పోతుందో దేవుడికే తెలియాలి.

గాలి కేంద్రం తెలుసుకునే సులువైన దారి: రాకెట్ పక్కనుంచి ఎలా కనిపిస్తుందో ఆ ఆకారం అట్ట మీద గీసి కోసి, ఆ అట్టను స్కేలు అంచు మీద నిలబెట్టండి. ఎక్కడ తూగితే అదే అనుకోండి. అసలు కేంద్రం దానికంటే ఇంకా వెనకే ఉంటుంది కాబట్టి ఈ లెక్క మనకు సేఫ్. బరువు కేంద్రానికి రాకెట్‌నే వేలి మీద నిలబెట్టండి, బాటిల్లో నీళ్లు లేకుండా. నీళ్లు అయిపోయాకే అది ఎక్కువ దూరం ఎగిరేది. చివరికి బరువు కేంద్రం దగ్గర దారం కట్టి తల చుట్టూ గిరగిరా తిప్పండి. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే సరే, అడ్డం తిరిగితే వదలొద్దు.

రెడ్‌స్టోన్ రెక్కలు చిన్నవి, చాలవు. జెమిని టైటాన్ లాంటి రెక్కల్లేని రాకెట్ల కిట్లలో పారదర్శక ప్లాస్టిక్ రెక్కలు ఇచ్చేవాళ్లు, దూరం నుంచి కనిపించవు.

బత్తాయితోట · శుక్రవారం రాత్రి 10:30

నాలుగు రోజులు కనిపించలేదు, క్షమించాలి. తొడుగు అయింది. చార్టు కాగితం రెండు చుట్లు, అతుకు వెనక వైపు. రెక్కలకు ఐస్‌క్రీమ్ పుల్లలు, వాటి వెనకాల ఇంకో బాటిల్ కోసి తీసిన పారదర్శక ముక్కలు. క్యాప్సూల్ మాత్రం ఉలి_సుత్తి అన్న చెప్పినట్టు జీలుగు బెండుతోనే. బాసికాలు కట్టే అవ్వ దగ్గరకు పోతే "ఎవరి పెండ్లి బిడ్డా" అంది. రాకెట్ పెండ్లి అన్నాను. డబ్బులు తీసుకోలేదు.

టవర్ ఎర్రగా ఉండాలి, సన్నగా మూడు కాళ్ల మీద నిలబడాలి. చీపురు పుల్లలతో కట్టాం. ఒక కాలు అతికిస్తే ఇంకోటి ఊడుతుంది, అది అతికిస్తే మొదటిది. చివరికి మా వాడు పుల్లలన్నీ ముందు ఒక బంగాళాదుంపలో గుచ్చి, నిలబెట్టి, అడ్డపుల్లలు అతికించి, ఆరాక దుంప తీసేశాడు. నా బుర్రకు తట్టలేదు.

అట్ట మీద తూచాం. బరువు కేంద్రం 2 సెంటీమీటర్లే ముందుంది. క్యాప్సూల్ లోపల తొలిచి 35 గ్రాముల బొమ్మల మైనం పెట్టాక ఏడు సెంటీమీటర్లు వచ్చింది. దారం కట్టి తిప్పితే మొదటి చుట్టు తడబడింది, రెండో చుట్టుకు ముక్కు సర్దుకుంది. తెలుపు వేసి, నిలువుగా యునైటెడ్ స్టేట్స్ అక్షరాలు స్కాన్ నుంచి ప్రింటు తీసి అంటించాం. ఆదివారం ఎగరేస్తాం.

వనపర్తి_టీచరమ్మ · రాత్రి 10:48

శభాష్. గాలి 60 పీఎస్ఐ (పంపు మీద చూపే ఒత్తిడి కొలత) దాటొద్దు. పీవీసీ పైపులో గాలి నింపి వదిలే లాంచర్లు నెట్‌లో కనిపిస్తాయి, వాటి జోలికి వెళ్లొద్దు. ఆ పైపు నీళ్ల కోసం చేసింది, గాలితో పగిలితే ముక్కలు కత్తుల్లా వస్తాయి. బాటిల్ పగిలితే చిరుగుతుంది, అంతే. గీతలు పడ్డ బాటిల్ వాడొద్దు. రాకెట్‌ను పట్టి ఉంచే కొక్కెం లాగే తాడు కనీసం 5 మీటర్లు ఉండాలి. కరెంటు తీగల దగ్గర వద్దు. మేకలు ఉంటే తోలెయ్యండి.

బత్తాయితోట · ఆదివారం ఉదయం 10:15

మా ఊరి చెరువు శిఖం, నీళ్లు లేవు. జనం ఇరవై మంది, మేకలు అంతకు రెట్టింపు.

మొదటి ప్రయత్నం పరువు తీసింది. 50 పీఎస్ఐ దాకా కొట్టి తాడు లాగితే, రబ్బరు బిరడా పక్కనుంచి నీళ్లు బుస్సుమని కారి, రాకెట్ జానెడు లేచి, మళ్లీ అక్కడే కూర్చుంది. కూర్చుని నిలబడే ఉంది, పడను కూడా పడలేదు. ఆ కుదుపుకు వదులుగా పెట్టిన క్యాప్సూల్ మాత్రం ఊడి, పారాచూట్ బయటికొచ్చి రాకెట్ పక్కన వేలాడింది. ఒక పెద్దాయన "అయిపోయిందా" అని అడిగాడు.

పానగల్లు_పెద్దాయన · ఉదయం 10:40

బత్తాయితోటా, బాధపడకు! ఇంత నిక్కమైన స్కేల్ ఫ్లైట్ ఎవరూ చేయలేదు. 1960 నవంబరు 21న కేప్ కెనావరల్‌లో మెర్క్యురీ రెడ్‌స్టోన్ మొదటి ప్రయోగంలో జరిగింది అచ్చు ఇదే. ఇంజన్ వెలిగింది, రాకెట్ నాలుగు అంగుళాలు లేచింది, ఇంజన్ ఆగిపోయింది, మళ్లీ పీట మీదే కూర్చుంది. కింద రెండు కేబుళ్లు ఊడాల్సిన వరస తప్పింది, అంతే. పైనున్న టవర్ మాత్రం దాని రాకెట్ వెలిగి ఒక్కటే ఎగిరిపోయింది, ఆ తర్వాత క్యాప్సూల్ పారాచూట్లు బయటికొచ్చి పక్కన వేలాడాయి. నీది చూసి రాసినట్టే ఉంది.

ఆ రాకెట్ నిండా ఇంధనం, పారాచూట్‌కు గాలి తగిలితే పడిపోతుందేమోనని భయం. ట్యాంకులకు తుపాకీతో బెజ్జాలు కొడదామని కూడా ఒకరన్నారు. చివరికి ఏమీ చేయకుండా బ్యాటరీలు అయిపోయేదాకా తెల్లవారే వరకు ఆగారు. వెలగని రాకెట్ దగ్గరికి వెంటనే పరిగెత్తొద్దని ఇక్కడ పిల్లలకు చెప్పేది అందుకే.

సరిగ్గా మూడేళ్లకు, అదే నవంబరు 21న, 1963లో, కేరళలోని తుంబా నుంచి మన మొదటి సౌండింగ్ రాకెట్ (పై వాతావరణాన్ని పరిశీలించేది) నైకీ అపాచీ ఎగిరింది. అప్పుడు నేను రెండో తరగతి, నాకేం తెలుసు. ఉద్యోగంలో చేరాక తెలుసుకుని ఏటా ఆ రోజు క్లాసులో రెండూ కలిపి చెప్పేవాణ్ని.

చిచ్చుబుడ్డి · ఉదయం 10:44

పెద్దాయనా, నాకు సార్లు ఇలా చెప్పి ఉంటే నేను ఫిజిక్స్ రెండుసార్లు రాసేవాణ్ని కాదు.

బత్తాయితోట · ఆదివారం మధ్యాహ్నం 1:30

ఇంటికొచ్చి మళ్లీ రాస్తున్నా. బిరడా తీసి సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టి మళ్లీ బిగించాం. ఈసారి 55 దాకా కొట్టాం. మా వాడు 30 మీటర్ల దూరంలో కోణమాని పట్టుకుని నిలబడ్డాడు, మధ్యన దారానికి నట్టు కట్టి. తాడు లాగాను.

రాకెట్ పోవడం నేను చూడలేదు. ముఖం నిండా నీళ్లు. అరుపులు వినపడి తల ఎత్తేసరికి అది పైన దాదాపు ఆగిపోయి ఉంది, తెల్లగా, నిటారుగా, ఎర్ర టవర్‌తో సహా. పారదర్శక రెక్కలు నిజంగానే కనపడలేదు. మెల్లగా ముక్కు వంచింది, క్యాప్సూల్ జారింది, పారాచూట్ సగం విచ్చుకుంది, ఎండిన తుమ్మ పొద పక్కన పడింది. టవర్ కాలు ఒకటి విరిగింది.

కోణం 28 డిగ్రీలు. 30ని టాన్ 28తో గుణిస్తే 15.95, పట్టుకున్నవాడి కంటి ఎత్తు 1.4 కలిపితే 17 మీటర్ల పైచిలుకు. నేను 30 అనుకున్నా. పాలమూరు_పరదేశి అన్నకు ఇది నవ్వులాటలా ఉంటుందేమో.

పాలమూరు_పరదేశి · రాత్రి 8:50

నవ్వులాటేంటన్నా. ఇక్కడ సి6 పెట్టి నొక్కితే తెల్లటి పొగ గీత గీసి కనపడకుండా పోతుంది. బాగుంటుంది గానీ మూడు సెకన్లే. నీళ్లతో పోయింది కాబట్టి మీరు ఇంకా పది సార్లు ఎగరెయ్యొచ్చు, ఖర్చు గాలి. ఒక్క సలహా, బాటిల్లో నీళ్లు కాస్త పెంచీ తగ్గించీ చూడండి. మూడో వంతు అనేది ఖాళీ బాటిల్ లెక్క, మీది తొడుగుతో బరువెక్కింది. ఒక్కోసారి కొద్దికొద్దిగా మార్చి కోణం రాసుకోండి.

పాతసామాను · రాత్రి 9:20

అంతా బాగుంది. అసలు కిట్టు సంగతి ఏం తేల్చారు?

బత్తాయితోట · మంగళవారం రాత్రి 9:15

అడుగుతారనే భయపడుతున్నా. నిన్న మా మేనమామకు వీడియో కాల్ చేసి పెట్టె చూపించాను. ఆయనకు 78. మోటార్లు ఎట్లా తెచ్చావు మామా అంటే నవ్వి మాట దాటేశాడు. కిట్టు ఇంకా కట్టలేదని తెలిసి మా అమ్మను తిట్టాడు, ఆమె పోయి ఆరేళ్లయిందని మర్చిపోయి. తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు. ఫోన్ పెట్టేసే ముందు "గొట్టం నలిగిన చోట లోపల ఇంకో గొట్టం ముక్క పెట్టి అతికించురా" అన్నాడు.

పాతసామాను అన్నా, స్కాన్లు అన్నీ తీశాను, పెట్టె మీద అమ్మ రాసిన అట్ట అలాగే ఉంచాను. కిట్టు మాత్రం కడుతున్నాను. రెక్కల పలక గాజుల కింద రెండు రోజులకు సాపుగా వచ్చింది. ఇవాళ మొదటి రెక్క కోశాం, పోగు ముందంచు వెంబడే. ఎగరెయ్యను, అది అలమారలోనే ఉంటుంది.

పాతసామాను · రాత్రి 9:40

మిగిలిన బాల్సా ముక్కలు పారెయ్యొద్దు, నాకు పంపండి. పెట్టె అట్టకు చెదలు పట్టకుండా ఏం చెయ్యాలో రేపు రాస్తా.

ఉలి_సుత్తి · రాత్రి 9:58

సార్, రెక్కను గొట్టానికి అతికించేటప్పుడు జిగురు ఒకేసారి మందంగా పూయొద్దు. రెండు వైపులా పలచగా రాసి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ రాసి అప్పుడు ఆనించండి. నిమిషంలో పట్టేస్తుంది, తర్వాత లాగినా రాదు.

వనపర్తి_టీచరమ్మ · బుధవారం ఉదయం 7:10

మా పిల్లలకు ఈ థ్రెడ్ చదివి వినిపించాను. ఇప్పుడు వాళ్లకు మన దేశపు మొదటి ఉపగ్రహ వాహక రాకెట్ ఎస్ఎల్‌వి-3 కావాలట. 22 మీటర్ల ఎత్తు, మొదటి దశ వ్యాసం ఒక మీటరు, అదే 65 మిల్లీమీటర్ల బాటిల్ అయితే 143 సెంటీమీటర్లు వస్తుంది, ఐదో తరగతి పిల్ల ఎత్తు. నాలుగు దశలు, పైకి పోనుపోను సన్నబడుతుంది, మంచి సంగతేంటంటే అడుగున దానికి సొంత రెక్కలున్నాయి. బరువు పెరిగిపోతుంది కాబట్టి పై దశలకు జీలుగు బెండే కావాలి. బత్తాయితోట గారూ, ఆ అవ్వ దగ్గర ఇంకో రెండు కట్టలు దొరుకుతాయా? ఈసారి డబ్బులు తీసుకోమని చెప్పండి.